చిక్కుడు పందిరి కింద తోడు పంటలు: నా పెరటి అనుభవం

ఆషాఢంలో గింజ నాటిన నాటు చిక్కుడు మార్గశిరానికి గాని నిండు కాపుకు రాదు, మాఘం వచ్చినా పందిరి దిగదు. పగటి పొద్దు తగ్గితే తప్ప పూతకు రాని గుణం ఈ పాత రకాలకు ఉండటం వల్ల, ఎంత ముందుగా విత్తినా పూత మాత్రం చలి మొదలయ్యే రోజుల్లోనే కనిపిస్తుంది. అంటే దాదాపు ఎనిమిది నెలలపాటు ఒక పెద్ద పందిరి పట్టేంత చోటును ఒకే తీగకు అప్పగించాలి, అందులో మొదటి నాలుగు నెలలు అది ఒక్క కాయ కూడా ఇవ్వదు. తెనాలి దగ్గర ఉన్న మా ఇంటి పెరడు అంత విశాలమైనది కాదు. ఆ చోటు ఖాళీగా పడి ఉండటం ఇష్టం లేక, చిక్కుడుతోపాటు మరికొన్ని పంటలను అదే పందిరి కింద పెంచడం మొదలుపెట్టి, ఏటా కొద్దికొద్దిగా మార్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు నాకు కుదిరిన పద్ధతిని, దాని వెనుక ఉన్న కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ఏ మొక్కకు ఏది మిత్రుడు, ఏది శత్రువు అని చెప్పే పట్టికలు పెరటి తోటలవాళ్ల మధ్య చాలా తిరుగుతుంటాయి. వాటిని చదివాను గాని, వాటి మీద ఆధారపడి పంట వేయడం మానేశాను. నా పెరటిలో చిక్కుడు పక్కన ఒక మొక్క బాగా వచ్చిందా లేదా అన్నదాన్ని ప్రధానంగా మూడు విషయాలు నిర్ణయించాయి: పందిరి నీడ ఏ నెలలో ఎక్కడ పడుతుంది, తోడుగా వేసిన మొక్క తీగ కమ్ముకునేలోపు కోతకు వస్తుందా, రెండింటికీ ఒకే పురుగు పట్టే ప్రమాదం ఉందా. ఉల్లిని చిక్కుడు దగ్గర పెట్టకూడదని ఆ పట్టికలన్నీ చెబుతాయి. నేనూ పెట్టను. ఉల్లికి రోజంతా ఎండ కావాలి, పందిరి కింద ఆ ఎండ దొరకదు, నాకు ఆ ఒక్క కారణమే చాలు.

నీడ సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే పందిరిని ఎలా వేయాలన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది. మా ప్రాంతం సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఆషాఢంలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కాబట్టి అప్పుడు పందిరి నీడ పందిరి కిందనే పడుతుంది. దక్షిణాయనం ముదిరి డిసెంబరు చివరి రోజులు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణ దిక్కున సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆరున్నర అడుగుల ఎత్తు పందిరి అయితే ఆ ఏటవాలు ఎండ దక్షిణపు అంచు నుంచి లోపలికి 5 అడుగులకు పైగా దూరుతుంది. ఈ లెక్క తెలిశాక నేను చిక్కుడు పాదులన్నింటినీ పందిరికి ఉత్తరపు అంచున పెట్టి, తీగలను అక్కడి నుంచి పైకెక్కించి దక్షిణానికి పాకించడం అలవాటు చేసుకున్నాను. దక్షిణపు పక్క కిందికి వేలాడే తీగలను ఎప్పటికప్పుడు పైకి మళ్లిస్తే ఆ వైపు ఒక గుమ్మంలాగా తెరిచి ఉంటుంది. చలికాలపు ఆకుకూరలన్నీ ఆ వెలుతురు మీదే పెరుగుతాయి.

పందిరికి సరుగుడు గుంజలు పాతి, పైన వెదురు బద్దలు, వాటి మధ్య జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) లాగుతాను. కార్తీకంలో తుఫాను గాలులు వచ్చే నేల ఇది. ఆకు నిండుగా ఉన్న చిక్కుడు తడిస్తే ఆ బరువుకు బలహీనమైన పందిరి నిలవదు. అందుకని గుంజలను రెండడుగుల లోతున పాతిస్తాను. పాదుకూ పాదుకూ మధ్య 5 అడుగుల ఎడం ఉంచి, ఒక్కో పాదులో మూడు నాలుగు గింజలు నాటి, మొలిచాక బలమైనవి రెండు ఉంచుతాను. పాదులో మాగిన పశువుల ఎరువు వేస్తాను గాని మితంగానే వేస్తాను. నత్రజని ఎక్కువైతే చిక్కుడు ఆకే విపరీతంగా వేసి పూత ఆలస్యం చేస్తుంది, వేళ్ల మీద గాలి నుంచి నత్రజనిని పట్టే బుడిపెలు కూడా సరిగ్గా కట్టవు.

తీగ పందిరి ఎక్కి పైకప్పు నింపడానికి భాద్రపదం వస్తుంది. అప్పటిదాకా ఉత్తరపు అంచున పాదుల మధ్య నేల ఎండలోనే ఉంటుంది. అక్కడ చిక్కుడు గింజతోపాటే తోటకూర చల్లుతాను, అది నెల తిరగకుండానే కోతకు వస్తుంది. దాన్ని వేళ్లతో పీకను, కొడవలితో నేలమట్టంగా కోస్తాను, ఎందుకంటే లేత చిక్కుడు వేళ్లు పైపొరల్లోనే ఉంటాయి, పక్క మొక్కను పీకితే అవి కదులుతాయి. పాదులకు రెండు జానల దూరంలో ముల్లంగి ఒక వరుస వేస్తాను. ముల్లంగి చలికాలపు పంట అయినా పూసా చేత్కి అనే రకం వేడికి తట్టుకుంటుంది, నలభై నలభై ఐదు రోజుల్లో దుంప ఊరుతుంది. మా నల్లరేగడి వానకు ముద్దగా మారి, ఎండకు బీటలు వారే నేల. దుంప ఊడబెరికిన చోట ఏర్పడ్డ గుంతల్లో ఎండుటాకు, మాగిన ఎరువు కలిపి నింపితే ఆ వరుస అంతా గుల్లబారుతుంది. తర్వాత చిక్కుడు వేళ్లు ఆ వైపే ఎక్కువగా సాగడాన్ని పాదు తవ్విన ప్రతి ఏడూ చూస్తున్నాను.

పందిరి నడిమి భాగం మాత్రం పసుపుది. దుగ్గిరాల మాకు దగ్గర కాబట్టి విత్తనపు కొమ్ము దొరకడం కష్టం కాదు. పసుపును జ్యేష్ఠంలో నాటుతాను, అంటే చిక్కుడు కంటే ముందే అది నేలలో ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు పైన తీగ లేదు కాబట్టి దానికి కావలసినంత ఎండ అందుతుంది, ఆకు వేసి పిలకలు పెట్టే పని ఆ కాలంలోనే జరుగుతుంది. భాద్రపదం నుంచి నీడ కమ్ముకుంటుంది, పసుపు కొంతవరకు నీడను ఓర్చుకుంటుంది. కొబ్బరి తోటల్లో చెట్ల మధ్య పసుపు, కంద వేయడం మన కోస్తా రైతులకు తెలిసిన పనే. అయితే నీడ ఎంత ఉన్నా పరవాలేదని అనుకోకూడదు. మా పందిరి కింద దక్షిణపు వైపు ఉన్న దుబ్బులకు కొమ్ములు లావుగా ఊరాయి, నట్టనడుమ ఉన్నవి సన్నగా వచ్చాయి. అందుకే ఇప్పుడు పసుపును దక్షిణానికి జరిపి, నట్టనడుమ నాలుగు చామదుంపలు పెడుతున్నాను. కూరకు సరిపడేంత దుంప, పప్పులోకి ఆకు, రెండూ వాటి నుంచి వస్తున్నాయి.

పసుపుతో ఉన్న అసలు చిక్కు నీటి దగ్గర వస్తుంది. వానకాలంలో దాని మొదట్లో నీరు నిలిస్తే దుంపకుళ్లు తెగులు పడుతుంది, కాబట్టి ఎత్తు మడి మీదే నాటాలి. పుష్యంలో ఆకు పండబారాక దానికి నీరు ఆపేయాలి, అదే సమయంలో చిక్కుడు నిండు కాపులో ఉండి తడి కోరుతుంది. పాదులన్నీ ఉత్తరపు అంచున ఉండటం ఇక్కడ కూడా ఉపకరించింది. పాదులకూ పసుపు మడికీ మధ్య ఒక జానెడు ఎత్తు గట్టు వేసి, పాదుల వెంట చిన్న కాలువ తీశాను. చలికాలం తడులన్నీ ఆ కాలువలోనే పారతాయి, గట్టు దాటి పసుపు వైపు రావు. పాదుల మీద వరిగడ్డి మందంగా పరచడం వల్ల తడులు కూడా తక్కువే పడుతున్నాయి.

దక్షిణపు అంచున శ్రావణం చివర్లో బంతినారు నాటుతాను. దసరా, దీపావళి పూలు ఇంటికి వస్తాయన్నది ఒక లాభం. నాకు ముఖ్యమైన కారణం మాత్రం నేలలో ఉంది. చిక్కుడు, టమాట, బెండ, వంగ, చివరకు పసుపు వేళ్లను కూడా పీడించే వేరుబుడిపె నులిపురుగులు మా పెరటి నేలలో ఉన్నాయి. చిక్కుడు పీకినప్పుడు వేళ్ల మీద కనిపించే బుడిపెలన్నీ మంచివి కావు. నత్రజనిని పట్టే బుడిపెలు వేరుకు పక్కన అతికినట్టు ఉండి, గోటితో గీకితే సులువుగా ఊడి వస్తాయి, పని చేస్తున్న బుడిపెను చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగు వల్ల వచ్చిన వాపు వేరులోనే భాగంగా ఉంటుంది, ఊడిరాదు. పెరటి తోటలు వేసేవాళ్లు ఈ తేడాను ఒకసారి చేతితో పట్టుకుని చూడాలని గట్టిగా కోరుకుంటున్నాను, ఎందుకంటే రెండింటినీ ఒకటే అనుకుని రోగపు నేలలోనే మళ్లీ టమాట నాటేవాళ్లను చాలామందిని చూశాను. బంతి వేళ్లలో ఉండే ఒక పదార్థం ఈ నులిపురుగులను అణచివేస్తుంది. అయితే చిక్కుడు పక్కన ఒక మూల నాలుగు బంతిమొక్కలు పెడితే చిక్కుడు వేళ్లకు రక్షణ దొరకదు, బంతి వేళ్లు అల్లుకున్న మట్టిలోనే ఆ ప్రభావం ఉంటుంది. కాబట్టి ఒత్తుగా వరుసంతా నాటి, పూలు అయిపోయాక మొక్కను ముక్కలు చేసి అక్కడే కలియదున్నుతున్నాను. మరుసటి ఏడు పాదులు పడేది ఆ మట్టిలోనే.

దీపావళి దాటి బంతి తీసేయగానే దక్షిణపు అంచు ఖాళీ అవుతుంది, సూర్యుడు కూడా అప్పటికి ఆ వైపు దిగుతాడు. తుఫాను వానలు ఒకటి రెండు చూసుకుని, నేల ఆరాక అక్కడ కొత్తిమీర, మెంతికూర, పాలకూర చల్లుతాను. మెంతి, పాలకూర గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అవి చలికి వాటంతటవే వస్తాయి. కొత్తిమీరను మాత్రం నేను రెండు భాగాలుగా చూస్తాను. సగం కూరలోకి కోసి, మిగతా సగాన్ని పూతకు వదిలేస్తాను. కార్తీకంలో చల్లిన ధనియం పుష్యంలో తెల్లని గొడుగు పూలు పూస్తుంది, సరిగ్గా ఆ రోజుల్లోనే చిక్కుడుకు పేనుబంక విజృంభిస్తుంది.

చిక్కుడు పెంచినవాళ్లకు ఈ నల్ల పేనుబంక గురించి వేరే చెప్పనక్కరలేదు. లేత చిగుళ్ల మీద, పూగుత్తుల కాడల మీద నల్లగా పేరుకుపోయి రసం పీల్చేస్తుంది, పిందె ముడుచుకుపోతుంది. మా అత్తగారు పాదు దగ్గరకు వచ్చినప్పుడు తీగకంటే ముందు గుంజలను చూసేవారు. "చీమలు ఎటు ఎక్కుతున్నాయో చూడమ్మాయ్, పేనుబంక ఎక్కడుందో అవే చెబుతాయి" అని ఆవిడ అనేవారు. పేనుబంక విసర్జించే తీయని జిగురు కోసం చీమలు దాన్ని కాపాడుతూ, తినడానికి వచ్చే పురుగులను తరిమేస్తాయి. కాబట్టి పేనుబంకను అదుపు చేయాలంటే ముందు చీమలను ఆపాలి. గుంజలకు కింది భాగాన గుడ్డ చుట్టి దాని మీద వేపనూనె, ఆముదం కలిపి పూస్తాను, వారానికోసారి మళ్లీ పూయాలి. పందిరిని ఆనుకున్న జామకొమ్మలను కూడా నరికించాను, ఎందుకంటే గుంజలు మూసుకున్నా చీమలు కొమ్మల మీదుగా వచ్చేవి.

చీమల రాకపోకలు తగ్గాక మిగతా పని కొత్తిమీర పూలకు వచ్చే పురుగులు చేస్తాయి. ఆ చిన్న చిన్న పూలలో తేనె పైనే ఉంటుంది, పొట్టి నోరున్న పురుగులకూ అందుతుంది. గాలిలో ఒకేచోట నిలిచి ఎగిరే పట్టెల ఈగలు, కంటికి ఆనీ ఆననంత కందిరీగలు వాటి మీద వాలి, తర్వాత చిక్కుడు గుత్తుల దగ్గరకు చేరతాయి. ఆ ఈగల పిల్లపురుగులు పేనుబంకను తింటాయి, కందిరీగలు పేనుబంక శరీరంలోనే గుడ్డు పెడతాయి. అక్షింతల పురుగులైతే పేనుబంకను వెతుక్కుంటూ తామే వస్తాయి. వీటి పిల్లపురుగులు పెద్దవాటిలాగా గుండ్రంగా ఎర్రగా ఉండవు, నల్లగా పొడవుగా నారింజ మచ్చలతో ఉంటాయి, చాలామంది వాటిని చూసి ఏదో కీడు చేసే పురుగనుకుని నలిపేస్తారు. మందు చల్లాలన్న ఆలోచన వచ్చినప్పుడు నేను గుత్తిని తిప్పి చూస్తాను. ఈ నల్లని పిల్లలు రెండు మూడు కనిపిస్తే ఆ గుత్తిని అలాగే వదిలేస్తాను. కనిపించకపోతే గొట్టంతో నీళ్లు బలంగా కొట్టి పేనుబంకను రాలగొడతాను.

ఈ పేనుబంక కారణంగానే చిక్కుడుతో నేను కలపని పంట ఒకటి ఉంది, అది అలసంద. గుంటూరు జిల్లా పత్తి చేలల్లో గట్ల వెంట అలసంద వేయమని వ్యవసాయ శాఖవాళ్లు చెబుతుంటారు. అలసంద మీద పేనుబంక చేరితే దానికోసం అక్షింతల పురుగులు వస్తాయి, పెరిగిన ఆ పురుగులు పత్తి మీదకు కూడా వెళ్తాయి. అలసంద మీది పేనుబంక వేరు, పత్తి మీది పేనుబంక వేరు కాబట్టి పత్తికి దాంతో హాని లేదు. చిక్కుడు విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే అలసందకూ చిక్కుడుకూ పట్టేది ఒకే నల్ల పేనుబంక. మారుకా మచ్చల పురుగు కూడా రెండింటి పూతనూ గూడు కట్టి తినేస్తుంది. దాని గూళ్లు చిక్కుడు గుత్తుల్లో కనిపించిన వెంటనే చేతితో తెంపేయడం, ఎక్కువైతే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి వడకట్టిన కషాయాన్ని సాయంత్రం వేళ, తేనెటీగలు వెళ్లిపోయాక చల్లడం, ఇంతకు మించి నేను ఏమీ చేయను.

అలసంద మీద ఇష్టం లేక ఇలా చెప్పడం లేదు. పొడవు బొబ్బర కాయ వేపుడు మా ఇంట్లో అందరికీ ఇష్టమే, దాన్ని పెరటికి రెండో కొసన, మొక్కజొన్నతో కలిపి పెంచుతున్నాను. మొక్కజొన్న, తీగ బీన్స్, గుమ్మడి జాతి కలిపి వేయడం అమెరికా ఖండపు ఆదివాసుల పద్ధతి. ఉత్తర అమెరికాలోని హౌడెనొసౌనీ ప్రజలు ఈ మూడింటిని అక్కచెల్లెళ్లుగా భావిస్తారు, ఆ మూడు పంటలూ పుట్టిందీ ఆ ఖండంలోనే. మన చేలల్లో జొన్నలో కంది, అనుములు వేయడం, చిత్తూరు వైపు వేరుశనగలో అనప, అలసంద సాళ్లు పోయడం కూడా ఇలాంటి ఆలోచన నుంచి వచ్చినవే. మొక్కజొన్న మోకాలెత్తు దాటాక దాని మొదట్లో బొబ్బర గింజ పెడితే తీగకు ఆ కాండమే ఊతమవుతుంది. ముందే పెడితే తీగ మొక్కజొన్నను మించిపోయి వంచేస్తుంది. చిక్కుడును మాత్రం మొక్కజొన్నకు ఎక్కించడానికి వీలు కాదు. మూడు నాలుగు నెలల్లో ఎండిపోయే కాండం మీద ఎనిమిది నెలల బరువైన తీగను ఎలా నిలబెడతాం? ఈ జతలో గుమ్మడికి మా చిన్న మడిలో నీడ ఎక్కువై పిందె నిలవలేదు, దాని బదులు ఇప్పుడు దోసపాదు అంచున పెట్టి బయటికి పాకిస్తున్నాను.

చిక్కుడు జాతి పక్కన ఏ మొక్క పెట్టినా దానికి నత్రజని అందుతుందని చాలామంది నమ్ముతారు. బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలి నుంచి పట్టే నత్రజనిని, తీగ బతికి ఉన్నంతకాలం చాలావరకు తీగే వాడుకుంటుంది, చివరికి గింజలో చేరుస్తుంది. పక్క మొక్కకు అప్పటికప్పుడు దక్కేది స్వల్పమే. ఆకు రాలి, వేళ్లు కుళ్లాకే అది నేలకు చేరుతుంది. ఈ విషయం అర్థమయ్యాక పంట ముగించే తీరు మార్చుకున్నాను. రథసప్తమికి సూర్యుడి రథానికి కాయలు, పరమాన్నం వడ్డించడానికి ఆకులు కోసుకున్న తర్వాత కాపు బాగా పలచబడుతుంది. విత్తనానికి గుర్తు పెట్టిన గుత్తులు ఎండాక తీగను నేలమట్టంగా కోస్తాను. నులిపురుగు సంగతి తెలుసుకోవడానికి ఒక్క పాదును మాత్రం తవ్వి చూసి, అది శుభ్రంగా ఉంటే మిగతా వేళ్లను మట్టిలోనే వదిలేస్తాను. ఆకును, లేత తీగను ముక్కలు చేసి ఆ వరుస మీదే పరుస్తాను. చైత్రంలో ఆ చోట చల్లిన తోటకూర, గోంగూర వేరే ఎరువు అడగకుండానే ముదురు ఆకుపచ్చగా లేస్తున్నాయి.

పసుపును కూడా ఆ రోజుల్లోనే తవ్వుతాం. ఎండిన ఆకును ముందు కోసి, వారం ఆగి, గునపంతో దుబ్బుకు దూరంగా పెళ్లగించి దుంప తీస్తాం. ఉత్తరపు గట్టు ఉన్న వైపు తవ్వేటప్పుడు చిక్కుడు వేళ్లు పసుపు మడిలోకి కూడా వచ్చి ఉండటం గమనించాను, అయినా ఆ వైపు దుబ్బుల్లో కొమ్ములు తగ్గినట్టు కనిపించలేదు. వచ్చే ఆషాఢానికి పందిరిని దక్షిణానికి జరిపి, ఇప్పుడు బంతి కలియదున్నిన వరుసలో చిక్కుడు పాదులు తీయబోతున్నాను. పసుపు మడి కూడా దానితోపాటు జరుగుతుంది. పాత పాదులు ఉన్న చోటుకు పైకప్పు ఉండదు కాబట్టి, అక్కడ ఈసారి ఎండ కోరే ఉల్లినారు పెట్టాలని నిర్ణయించుకున్నాను.